మొదటి పాదం తర్వాత

కథ మొదలుపెట్టే ముందు ఎంత తేల్చుకోవాలి, ఎంత వదిలిపెట్టాలి? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. జవాబు వెతుక్కుంటూ పద్యం నేర్చుకోవడానికి వెళ్లాను. అక్కడి నుంచి ఒక అష్టావధానంలో నిషిద్ధాక్షరి పృచ్ఛకురాలి (అవధానిని ప్రశ్నించే మనిషి) కుర్చీ దాకా వెళ్లి, మళ్లీ నా నవలిక దగ్గరకు వచ్చాను. ఆ దారిలో నాకు తెలిసివచ్చిన విషయాలు ఇవి.

నాది అన్నీ ముందే రాసిపెట్టుకునే స్వభావం. చిన్న కథలకు అది చక్కగా సరిపోయింది. ముగింపు ఏమిటో తేలిన తర్వాతే మొదటి వాక్యం రాసేదాన్ని. పత్రికకు ఆరేడు పేజీల కథ ఇవ్వాలంటే, ఎక్కడికి వెళుతున్నామో తెలిసి నడవడంలో ఎంతో సుఖం ఉంది. ఒక్క మాట వృథా పోదు. ఆ పద్ధతిలో రాసిన కథలంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. చిక్కంతా నవలిక దగ్గర వచ్చింది.

నేను రాయాలనుకున్నది దివిసీమ ఉప్పెన మీద. 1977 నవంబరు 19, శనివారం. కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి, ఆ పాయల మధ్య సముద్రం దాకా దివిసీమను పట్టి ఉంచుతుంది. ఆ రోజు సముద్రమే ఊళ్ల మీదికి వచ్చింది. నాగాయలంక, కోడూరు వైపు పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. వేల మంది చనిపోయారు. పశువులకు లెక్కే లేదు. చూసినవాళ్లు ఇప్పటికీ 'తాటిచెట్టంత అల' అనే అంటారు. మా అమ్మ పుట్టిల్లు అటువైపే కాబట్టి చిన్నప్పటి నుంచి ఆ మాటలు వింటూ పెరిగాను. రాయకుండా ఉండలేని విషయం అది.

పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. అలమర తలుపు మీద పెద్ద చార్టు అంటించి అధ్యాయాలు, పాత్రలు, ఎవరు ఎక్కడ ఉంటారు, ఎవరు బతుకుతారు, ఎవరు పోతారు, అన్నీ గళ్లు గీసి రాసుకున్నాను. చార్టు చాలా అందంగా వచ్చింది. రాతకు కూర్చుంటే మాత్రం ఒక వింత జరిగేది. నా మనుషులందరికీ ఉప్పెన వస్తుందని తెలిసిపోయినట్టుండేది. రైతు చేను గట్టు మీద నిలబడి పంట వంక చూస్తే, ఆ చూపులో చివరిసారి చూస్తున్న దిగులు. తల్లి బిడ్డకు అన్నం కలిపి పెడితే, ఆ ముద్దలో ఎక్కడలేని కరుణ. వాళ్లకు ఏమీ తెలియదు కదా! ఆ శనివారం పొద్దున వాళ్లు మామూలుగా విసుక్కున్నారు, అప్పులు అడిగారు, కోతలకు మనుషులు దొరకడం లేదని తిట్టుకున్నారు. ముగింపు తెలిసినది నాకు. నా తెలివి వాళ్ల ముఖాల మీదికి పాకుతోంది.

చార్టు తీసేసి, ఏది తోస్తే అది రాస్తూ పోయాను. కొన్నాళ్లు హాయిగా సాగింది. పేజీలు పెరిగాయి, మనుషులు పెరిగారు. ఒకరి ఊసు ఇంకొకరికి పట్టదు. నాలుగో అధ్యాయంలో ఎంతో ఇష్టంగా తెచ్చిన పడవవాడు ఆరో అధ్యాయానికి ఏమయ్యాడో నాకే గుర్తులేదు. దాన్ని గురించి ఇంతకంటే చెప్పవలసినది లేదు.

ఆ సమయంలోనే మా వీధిలో ఉండే ఒక తెలుగు మాస్టారి దగ్గరకు వెళ్లడం మొదలైంది. ఉద్యోగ విరమణ చేసినవారు. కోరి వచ్చినవాళ్లకు ఛందస్సు చెబుతారు. అవధానాలలో కవులు అడిగిన వెంటనే పద్యం చెప్పడం చిన్నప్పుడు చూశాను. ఏ పథకమూ లేకుండా అంత కట్టుదిట్టమైన పద్యం ఎలా వస్తుందో తెలుసుకోవాలని నా ఆశ. ఆ మాటే మాస్టారికి చెప్పాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. "ముందు ఆటవెలదిలో మాట్లాడటం నేర్చుకో అమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు.

ఆటవెలది లెక్క తెలియనివారి కోసం రెండు మాటలు. గణం అంటే గురులఘువుల (బరువుగా, తేలికగా పలికే అక్షరాల) చిన్న కూర్పు. మొదటి, మూడు పాదాల్లో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు. రెండో, నాలుగో పాదాల్లో ఐదూ సూర్య గణాలే. ప్రతి పాదంలోనూ మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి, అంటే ధ్వని మైత్రి, కుదరాలి. ప్రాస నియమం లేదు. వేమన పద్యాలు నోటికి వచ్చినవారికి ఈ నడక ఎప్పుడో ఒంటబట్టే ఉంటుంది. మాస్టారు పెట్టిన నియమం ఒక్కటే: కంటికి కనిపించినదాన్ని, కనిపించిన క్షణంలోనే, పద్యంలో చెప్పాలి. కాగితం ముట్టుకోకూడదు.

ఒక ఉదయం వెళ్లేసరికి వీధిలో కూరల బండి ఆవిడ కేక వేస్తోంది. మాస్టారు చెయ్యెత్తి అటు చూపించారు. నేను గణాలు కూడబలుక్కుంటూ చెప్పాను:

కూరగాయలమ్ము కోమలి కేకతో
వీధి మేలుకొనెను వేకువందు

గణాలు సరిపోయాయి. 'కూ'కు 'కో' యతి, 'వీ'కి 'వే' యతి. నాకు చెప్పలేనంత ఆనందం వేసింది. మాస్టారు నన్ను గుమ్మం దగ్గరకు తీసుకువెళ్లి ఆవిడను చూపించారు. అరవై దాటిన మనిషి. చీర చెంగు తలకు చుట్టుకుని, తక్కెడ పట్టుకుని, ఎవరితోనో ధర దగ్గర గట్టిగా వాదిస్తోంది.

"ఆవిడ నీకు కోమలిగా కనిపించిందా, యతికి కావలసి వచ్చిందా?"

నేను మాట్లాడలేదు.

"తప్పు పట్టడం లేదమ్మా. తోచిన మాట చెప్పమన్నాను, చెప్పావు. మొదట తోచేది ఎప్పుడూ నీ మాట కాదు. ఎన్నో వందల పద్యాలలో ఎందరో వాడిన మాట నీ నాలుక మీద ముందే వచ్చి కూర్చుని ఉంటుంది. దాన్ని లేపి, వెనకున్న మాటను పిలవాలి. వెనక ఇంకో మాట ఉంటేనే కదా పిలవడం?"

కాసేపటికి ఇలా మార్చాను:

కూరగాయలమ్ము గొంతుక మోగగా
వీధి మేలుకొనెను వేకువందు

ఇప్పుడు పాదంలో ఆ కేక ఉంది. 'కూ'కు 'గొ' యతి కుదిరింది. వయసు గురించి అబద్ధం పోయింది. మాస్టారు తల ఊపి కాఫీ తెప్పించారు.

ఆ రోజు నేను నేర్చుకున్నది కథ రాసేవాళ్లకు ఎంతో అవసరమని నా గట్టి అభిప్రాయం. అప్పటికప్పుడు తోచినది స్వచ్ఛంగా, మన గుండె లోతుల్లోంచి వచ్చిందని మనం అనుకుంటాం. చాలాసార్లు అది అలవాటు లోంచి వస్తుంది. పథకం వేసుకోకుండా రాసిన నా పేజీలు తిరగేస్తే ప్రతి దుఃఖానికీ 'కళ్లు చెమర్చాయి', ప్రతి సాయంత్రానికీ 'సూర్యుడు పడమటి కొండల్లోకి జారుకున్నాడు'. దివిసీమలో పడమటి కొండలు ఎక్కడివి? అవి నా కోమలులు.

మాస్టారు అమరకోశం శ్లోకాలు బట్టీ పట్టించారు. ఒకే వస్తువుకు పది పేర్లు ఎందుకు నేర్చుకోవాలో నాకు అప్పటిదాకా తెలియదు. పద్మం, కమలం, నళినం, అరవిందం, తామర: ఏ మాట గణంలో ఇముడుతుందో, ఏది యతికి నిలుస్తుందో, ఏ అక్షరం నిషేధిస్తే ఏది పక్కనుంచి పరుగెత్తుకు వస్తుందో, అదంతా క్షణంలో జరగాలంటే ఆ పేర్లన్నీ లోపల సిద్ధంగా ఉండాలి. అవధాని వేదిక ఎక్కేటప్పుడు ఏ పద్యం చెప్పబోతున్నాడో ఆయనకు తెలియదు. కానీ ఏది అడిగినా చెప్పగలిగేటంత సరంజామా మాత్రం ఏళ్ల తరబడి చేర్చి పెట్టుకుని ఉంటాడు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950), దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920) జంటగా శతావధానాలు చేస్తూ ఊరూరా తిరిగారంటే, నూరుగురు పృచ్ఛకులకు నూరు పద్యాలు చెప్పి, ఆ తర్వాత అన్నీ అప్పగించారంటే, దాని వెనక ఉన్న చదువు ఎంతో ఊహించుకోవచ్చు. పథకం అంటే ఏమి వస్తుందో ముందే నిర్ణయించుకోవడం. సన్నద్ధత అంటే ఏది వచ్చినా అందుకోగలగడం. నేను ఈ రెంటినీ ఒకటిగా చూస్తూ వచ్చాను. చార్టు తీసేసినప్పుడు రెండోదాన్ని కూడా వదిలేశాను.

కొంతకాలానికి మా ఊళ్లో అష్టావధానం జరిగినప్పుడు మాస్టారు నా పేరు నిషిద్ధాక్షరికి సూచించారు. ఎనిమిది మంది పృచ్ఛకులు. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి, ఆశువు, పురాణ పఠనం, ఘంటాగణనం, అప్రస్తుత ప్రసంగం. ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్కో పాదం చొప్పున నాలుగు ఆవృత్తుల్లో పద్యాలు పూర్తవుతాయి. మధ్యలో గంట మోగుతూ ఉంటుంది, లెక్క పెట్టుకోవాలి. అప్రస్తుత ప్రసంగి ఏదో ఒకటి అడిగి ఏకాగ్రత చెడగొట్టడానికి చూస్తూనే ఉంటారు, సరసంగా జవాబు చెప్పి మళ్లీ పాదంలోకి రావాలి.

నిషిద్ధాక్షరి అంటే, అవధాని ఒక్కో అక్షరం చెబుతూ ఉంటే, తర్వాత రాబోయే అక్షరాన్ని పృచ్ఛకులు ఊహించి అది వాడకూడదని నిషేధిస్తారు. మామూలుగా కందంలో అడుగుతారు. కందంలో ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, అదే ప్రాస. మొదటి పాదంలో రెండో అక్షరం నోట పడిందంటే మిగతా మూడు పాదాలకూ అదే కట్టు. మొదటి అక్షరం గురువైతే నాలుగు పాదాలూ గురువుతోనే మొదలుకావాలి. ఆరో గణం జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) కావాలి, బేసి గణాల్లో జగణం రాకూడదు. చిన్న పద్యమే కానీ పట్టు గట్టిది.

నేను ఇచ్చిన విషయం తొలకరి. మొట్టమొదట 'శ్రీ' నిషేధించాను. అవధాని 'గో' అన్నారు. నాకు గోదావరి తోచి 'దా' వద్దన్నాను. ఆయన 'రం' అన్నారు. అప్పుడు నాకు స్పష్టంగా కనిపించింది: గోరంత వాన, కొండంత ఆశ, అలా సాగబోతోంది. వెంటనే 'త' నిషేధించాను. సభలో చిన్న కలకలం. గోరంత తప్ప ఇంకేముంటుంది అక్కడ?

ఆయన కళ్లు మూసుకున్నారు. గంట మోగింది. కళ్లు తెరిచి 'క' అన్నారు.

గోరంక. గోరువంక పిట్ట. తొలకరి వర్ణనలోకి ఆ పిట్ట వస్తుందని నేను అనుకోలేదు. నేను 'త' వద్దనకపోతే ఆయన కూడా అనుకునేవారు కారేమో. తర్వాత నేను 'వ' నిషేధిస్తే 'లు' వచ్చింది, 'కూ' నిషేధిస్తే 'గుం' వచ్చింది. రెండో ఆవృత్తి ముగిసేసరికి సభ ముందు ఇవి నిలిచాయి:

గోరంకలు గుంపులుగాఁ
జేరెను తొలకరిఁ దడిసిన చెట్టుల పైకిన్

చప్పట్లు ఆగిన తర్వాత కూడా నేను ఆ పిట్టల దగ్గరే ఉండిపోయాను. గోరంత వాన అని ఉంటే అది ఎవరైనా చెప్పగల పద్యం. దారి మూసుకుపోయినందువల్లనే ఆ పిట్టలు వచ్చాయి. అయితే దారి మూసుకున్న క్షణంలో 'రం' తర్వాత 'క' పెడితే ఒక పిట్ట అవుతుందని ఆయన లోపల ఎక్కడో సిద్ధంగా ఉంది. అంతకుముందే 'ర' ప్రాస అయిపోయింది కాబట్టి రెండో పాదానికి 'జేరెను' అందింది. ప్రాస ఆయనను కట్టివేసింది, ఆ ప్రాసే ఆయనను నడిపించింది. నాలుగు పాదాలకూ నిలబడే అక్షరాన్ని మొదట్లోనే ఎంచుకోవడం, అంతవరకే ఆయన చేసుకున్న నిర్ణయం.

నా పక్కనే సమస్య ఇచ్చినవారు కూర్చున్నారు. సమస్యలో చివరి పాదం ముందే ఇచ్చేస్తారు. అది అసంబద్ధంగా, కొన్నిసార్లు అనకూడని మాటలా ఉంటుంది. మూడు పాదాలు చెప్పి ఆ చివరి పాదాన్ని సహజమైన మాటగా చేయాలి అవధాని. మూడో పాదం దాకా అది ఎటు తిరుగుతుందో వినేవాళ్లకు తెలియకూడదు. నా చిన్న కథలన్నీ సమస్యాపూరణాలని నాకు అక్కడే అర్థమైంది. దివిసీమ కూడా సమస్యే. చివరి పాదం చరిత్ర ఇచ్చేసింది, అందరికీ తెలుసు. నా పని ఆ పాదం వైపు ఏడుస్తూ నడవడం కాదు. మొదటి మూడు పాదాలను వాటి సొంత బలంతో నిలబెట్టడం.

అన్నిటికంటే నన్ను కదిలించినది చివర జరిగిన ధారణ. అప్రస్తుత ప్రసంగాలు, గంటలు, నవ్వులు, చప్పట్లు, అన్నీ అయిపోయాక అవధాని ఒక్కో పృచ్ఛకుడి వైపు తిరిగి పూర్తి పద్యాన్ని అప్పగించారు. అక్షరం పొల్లుపోలేదు. ఆశువుగా చెప్పడం గొప్పదని మనం చప్పట్లు కొడతాం. చెప్పినదాన్ని పట్టి ఉంచుకోవడం వల్లనే ఆ ఆశువుకు ఒక రూపం వస్తుంది. రెండో ఆవృత్తిలో నా దగ్గరకు వచ్చినప్పుడు మొదటి పాదం ఆయనకు గుర్తులేకపోతే గోరంకలు ఎక్కడ వాలేవి? పథకం లేకుండా రాసినప్పుడు నా పడవవాడు ఎందుకు తప్పిపోయాడో నాకు అర్థమైంది. అక్కడ లేనిది ధారణ.

నవలిక దగ్గరకు తిరిగి వచ్చాక ముందుగా ప్రాస లాంటివి ఏవో తేల్చుకున్నాను. నాకు మూడే కనిపించాయి: కాలం, స్థలం, ఎవరి గొంతు. వీటిలో రాజీ పడలేదు. 1977, పింగళ నామ సంవత్సరం, కార్తీక మాసం. దీపావళి వెళ్లి వారం దాటింది. పిల్లల జేబుల్లో పేలని టపాకాయలు ఇంకా ఉండే రోజులు. ఇది చార్టు గీసినప్పుడు నాకు తట్టనే లేదు, పంచాంగం లెక్క చూస్తే తేలింది. సార్వా వరి కోతకు వచ్చి ఉంది. పులిగడ్డ దాటితే తప్ప బయటి లోకం లేదు. ఆ వైపు ఊళ్లకు వెళ్లి నడిచాను. ఏ ఇంటి నుంచి ఏ చెరువు ఎంత దూరమో కాళ్లకు తెలిసేదాకా తిరిగాను. బతికి బయటపడినవాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు ఉప్పెన గురించి అడగలేదు. ఇంట్లో ఏ గిన్నెలు ఉండేవి, ధాన్యం ఎక్కడ పోసేవారు, దీపం ఎవరు పెట్టేవారు, ఎవరితో ఎవరికి మాటలు లేవు, అవి అడిగాను. మొదట వాళ్లకు ఆశ్చర్యంగా ఉండేది, తర్వాత మాటలు ఆగేవి కావు. అది నా అమరకోశం అయింది.

గొంతు విషయంలో చాలా తర్జనభర్జన పడ్డాను. ఉప్పెన చూసిన మనిషి చెబితే మొదటి వాక్యంలోనే ఆ రాత్రి వచ్చి కూర్చుంటుంది. చివరికి పదకొండేళ్ల పిల్ల గొంతు తీసుకున్నాను. ఆ వారం అంతా జరిగినదాన్ని అప్పటికి తనకు తెలిసినంతవరకే చెబుతుంది. రేపటి సంగతి ఆమెకు తెలియదు కాబట్టి నేను చెప్పడానికి వీలులేదు. నాకు నేను పెట్టుకున్న నిషేధం అది. ఆ ఒక్క నిషేధం వల్ల నా మనుషుల ముఖాల మీది దిగులు పోయింది.

మిగతాది ముందే అనుకోలేదు. పొద్దున్నే లేచి, అప్పటిదాకా రాసినదాన్ని పైకి చదివేదాన్ని. మొత్తం కాదు, ఒక్కో అధ్యాయంలో ఏ వస్తువు ఎవరి చేతిలో ఉంది, ఎవరు ఎవరికి ఏమి బాకీ, ఏ మాట మధ్యలో ఆగింది, ఇవి కాగితం చూడకుండా అప్పగించుకునేదాన్ని. ఎక్కడైనా తడబడితే ఆ పేజీ తీసి చదివి, ఆ తర్వాతే కొత్త వాక్యం. ఇంట్లో అప్రస్తుత ప్రసంగాలకు కొదవ ఉండేది కాదు. గ్యాసు బండ వచ్చిందనో, అమ్మ ఫోనో. ఒకసారి అమ్మ ఫోనులో ఎవరి గురించో మాట్లాడుతూ "బారసాలకు పట్టుకెళ్లిన గంగాళం ఏడాదైనా తిరిగి ఇవ్వలేదు" అని అలవాటుగా విసుక్కుంది. సరే అని ఫోను పెట్టేశాను. ఆ మధ్యాహ్నం నా కథలో సామ్రాజ్యం అనే ఆవిడ పొరుగింటి రత్తమ్మ దొడ్లోకి వెళ్లి తన ఇత్తడి గంగాళం ఎక్కడని అడిగింది.

నేను అలా రాయాలని అనుకోలేదు. రెండో అధ్యాయంలో గేదెలకు కుడితి పోసే చోట ఆ గంగాళం ఒక్క వాక్యంలో ఉంది. పొద్దున్నే అప్పగించుకోవడం వల్ల అది నా నోట్లో ఆడుతోంది. కుడితికి వాడుతున్నారన్న సంగతి సామ్రాజ్యానికి అప్పుడే తెలిసింది. పెళ్లిలో పుట్టింటివాళ్లు ఇచ్చిన గంగాళం అది. దొడ్లో ఇద్దరి మధ్యా మాట పెరిగింది. పాత అప్పులు, ఎవరో చనిపోయినప్పుడు రాకపోవడం, ఎన్నడో అన్న ఒక మాట, అన్నీ బయటికి వచ్చాయి. రాస్తూ నేను వింటూ కూర్చున్నాను. ఒక అధ్యాయంలో సగం వాళ్ల పోట్లాటే ఆక్రమించింది.

నా పాత చార్టులో సామ్రాజ్యం బతుకుతుంది. శుక్రవారం నాడే అవనిగడ్డలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోతుందని గడిలో రాసి ఉంది. నాకు ఆమె అంటే ప్రాణం, అందుకే అలా రాసుకున్నాను. ఇప్పుడు శుక్రవారం వచ్చింది. సంచి సర్దుకుంది. రత్తమ్మ గంగాళం తోమి రేపు పంపుతానని కబురు చేసింది. అది చేతికి వచ్చేదాకా ఊరు వదలనని సామ్రాజ్యం సంచి దించి పక్కన పెట్టింది.

ఆ వాక్యం రాసి కలం పెట్టేశాను. చాలా రోజులు మళ్లీ పట్టుకోలేకపోయాను. ఆమెను పంపించేయడం ఎంతసేపు? రత్తమ్మ ఆ సాయంత్రమే గంగాళం తెచ్చి ఇచ్చిందని రాస్తే చాలు. అలా రాసి చూశాను కూడా. గట్టిగా చదివితే ఆ వాక్యంలో రత్తమ్మ లేదు, నేను ఉన్నాను. అంత గొడవ జరిగాక రత్తమ్మ ఆ సాయంత్రమే గంగాళం నెత్తిన పెట్టుకుని వచ్చే మనిషి కాదు. నాతో మాట్లాడిన పెద్దవాళ్లలో ఒకావిడ చెప్పిన మాట గుర్తుకు వచ్చింది. ఆ రోజు ఎవరు ఊళ్లో ఉన్నారు, ఎవరు లేరు అన్నది ఇలాంటి చిన్న చిన్న పనుల మీదే తేలిందని, తన అన్నగారు తెగిన చెప్పు కుట్టించుకుంటూ పొరుగూళ్లో ఉండిపోయి బతికాడని ఆవిడ చెప్పింది. ఏ కారణమూ లేకుండా పోయినవాళ్ల కథకు నేను నా ఇష్టప్రకారం కారణాలు అతికించకూడదనిపించింది. సంచి దించిన వాక్యాన్ని అలాగే ఉంచాను.

చదివినవాళ్లలో ఎక్కువమంది ఆ పోట్లాట గురించే మాట్లాడారు. అది ముందే వేసుకున్న పథకమా అని ఒకరు అడిగారు. అంత పకడ్బందీగా ఉందట. పకడ్బందీతనం ధారణ వల్ల వచ్చింది. మొదటి ప్రతి పూర్తయ్యాక మళ్లీ పెద్ద కాగితం తీసి, జరిగిపోయినదంతా అధ్యాయాల వారీగా గళ్లలో రాసుకున్నాను. గీత గీసి చూసుకోవడం నాకు అప్పుడు నిజంగా పనికివచ్చింది. గంగాళం కనిపించే చోట్లన్నీ ఎర్ర పెన్సిలుతో గుర్తుపెట్టుకుని, అనవసరంగా వచ్చిన రెండు చోట్ల తీసేశాను. కోమలి లాంటి మాటలు దొరికినన్ని ఏరాను. ఒక అధ్యాయం పూర్తిగా తొలగించాను, అందులో అందరూ బాగా మాట్లాడుతున్నారు కానీ ఎవరూ ఎవరికీ ఏమీ బాకీ లేరు.

రాసే ప్రతివారూ పద్యం నేర్చుకోవాలని నేను అనను. కానీ వచనం రాసేవాళ్లం అవధాన సభల వైపు వెళ్లడం మానేశాం, అది పండితుల విందు అని వదిలేశాం. ఒక మనిషి మన కళ్ల ముందు, దాచుకోకుండా, తడుముకుంటూ, తట్టుకుంటూ ఒక రచనను పుట్టించే చోటు అదొక్కటే. ముందే ఏమి నిర్ణయించుకున్నాడు, ఏది అప్పటికప్పుడు అందుకున్నాడు, ఏది మరచిపోకుండా పట్టుకున్నాడు, అన్నీ బహిరంగంగా కనిపిస్తాయి. వీలైతే ధారణ దాకా కూర్చోండి. చాలామంది మూడో ఆవృత్తికే లేచి వెళ్లిపోతారు.

ఇప్పుడు ఇంకొక నవలిక మనసులో ఉంది. 1986 ఆగస్టు, గోదావరి వరద, ధవళేశ్వరానికి దిగువన ఒక లంక గ్రామం. కాలం తేలింది. స్థలం కోసం లంకల్లో తిరుగుతున్నాను, కొబ్బరి దింపు, పడవలు, గట్ల పేర్లు ఒక్కొక్కటే చేరుతున్నాయి. చెప్పేది ఎవరన్నది ఇంకా తేలలేదు. ఒక పడవ సరంగు గొంతు వినిపిస్తోంది, అతని కోడలి గొంతు కూడా వినిపిస్తోంది. ఇద్దరిలో ఒకరు తేలేదాకా మొదటి వాక్యం రాయను.